డగ్లస్ ఎవరి మనిషి?

2003 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు ఒక పెద్ద కేసులో తీర్పు చెప్పింది. మిషిగన్ విశ్వవిద్యాలయం లా స్కూలు అడ్మిషన్లు ఇచ్చేటప్పుడు విద్యార్థి జాతిని కూడా లెక్కలోకి తీసుకోవచ్చా అన్నది వివాదం. తీసుకోవచ్చని మెజారిటీ జడ్జీలు అన్నారు. కూడదన్నవాళ్లలో క్లారెన్స్ థామస్ ఒకరు. అప్పట్లో ఆ కోర్టులో ఉన్న ఒకే ఒక్క నల్లజాతి జడ్జి ఆయన. తన అసమ్మతి తీర్పును ఆయన 138 ఏళ్ల నాటి ఉపన్యాసం ఒకటి ఎత్తుకుని మొదలుపెట్టారు. మమ్మల్ని ఏం చేయాలని అడుగుతున్నారు కదా, ఏమీ చేయకండి, నల్లవాడు తన కాళ్ల మీద తాను నిలబడలేకపోతే పడిపోనివ్వండి, నిలబడే అవకాశం ఇస్తే చాలు, వాడి మానాన వాణ్ణి వదిలేయండి అని దాని సారాంశం. ఆ ఉపన్యాసం, బానిసగా పుట్టి బానిసత్వం మీదే పోరాడిన ఫ్రెడరిక్ డగ్లస్‌ది.

అంతకు 34 ఏళ్ల ముందు, 1969లో, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం లాస్ ఏంజెలెస్ క్యాంపస్‌లో ఏంజెలా డేవిస్ అనే కొత్త ఫిలాసఫీ లెక్చరర్ క్లాసు మొదలుపెట్టింది కూడా డగ్లస్‌తోనే. ఆమె కమ్యూనిస్టు పార్టీ సభ్యురాలు. ఆ కారణంతోనే ఆమెను ఉద్యోగంలోంచి తీసేయాలని యూనివర్సిటీ పాలకమండలి పట్టుబట్టి ఉంది. ఆ టెన్షన్ మధ్యే ఆమె పిల్లలకు స్వేచ్ఛ అంటే ఏమిటో డగ్లస్ ఆత్మకథ పట్టుకుని చెప్పారు. ఆమెకు అందులో కనిపించింది యజమాని గొంతు పట్టుకున్న బానిస.

జాతి ఆధారంగా ఏ సాయమూ వద్దనే జడ్జికీ, వ్యవస్థనే మార్చాలనే టీచరుకూ ఒకే మనిషి తాత ఎలా అయ్యారు? ఇద్దరిలో ఒకరు అబద్ధమాడుతున్నారని తేల్చేస్తే పని తేలిగ్గా అయిపోతుంది. కానీ విషయం అంత తేలిగ్గా లేదు.

డగ్లస్ 1818లో మేరీలాండ్ రాష్ట్రంలోని టాల్బట్ కౌంటీలో బానిసగా పుట్టాడు. పుట్టిన తేదీ ఎవరూ రాసిపెట్టలేదు. తండ్రి తెల్లవాడని అందరూ అనుకునేవారు, ఎవరన్నది తేలలేదు. చిన్నప్పుడు ఎండకైనా చలికైనా మోకాళ్ల దాకా వచ్చే ముతక చొక్కా ఒక్కటే బట్ట. మరీ చలేస్తే, మొక్కజొన్నలు మరకు మోసుకెళ్లే గోనెసంచి దొంగిలించి, అందులో తల దూర్చి మట్టినేల మీద పడుకునేవాడు. కాళ్లు బయటే ఉండేవి. మంచుకు తన పాదాలు ఎలా పగిలిపోయాయంటే, ఇప్పుడు రాస్తున్న ఈ కలాన్ని ఆ పగుళ్లలో పెట్టవచ్చు అని 1845లో అచ్చయిన ఆత్మకథలో రాశారు. ఆ పుస్తకంలో నన్ను వదలని వాక్యం అదే. పగిలిన కాలూ దాని గురించి రాసే చెయ్యీ ఒక్క మనిషివే. అప్పటికే ఆయన సభల్లో మాట్లాడుతుంటే, ఇంత బాగా మాట్లాడేవాడు బానిసగా ఉండి ఉంటాడా అని తెల్లవాళ్లు గుసగుసలాడుతున్నారు. ఆ గుసగుసలకు జవాబుగానే, పేర్లూ ఊళ్లూ యజమానులతో సహా అన్నీ బయటపెట్టి, మళ్లీ పట్టుబడే ప్రమాదం ఉందని తెలిసీ ఆ పుస్తకం రాశారు.

చదువు ఆయనకు దొంగతనంగా వచ్చింది. బాల్టిమోర్‌లో యజమాని భార్య సోఫియా ఆల్డ్ అక్షరాలు నేర్పడం మొదలుపెడితే, భర్త హ్యూ ఆల్డ్ మధ్యలో ఆపించాడు. చదువు వస్తే వీడు ఇక బానిసగా పనికిరాడన్నాడు. ఆ మాట పిల్లాడి చెవిన పడింది. వీళ్లు దేనికి భయపడుతున్నారో అదే తనకు కావాలని అర్థమైంది. వీధిలో ఆకలిగా తిరిగే పేద తెల్ల కుర్రాళ్లకు ఇంట్లోంచి తెచ్చిన రొట్టె ముక్కలిచ్చి బదులుగా పాఠం చెప్పించుకునేవాడు. ఓడలు కట్టే యార్డులో వడ్రంగులు ఏ చెక్క ఓడలో ఏ వైపు వెళ్లాలో గుర్తుకోసం దాని మీద ఎల్ అనో ఎస్ అనో రాసేవాళ్లు. అవి చూసి రాత నేర్చుకున్నాడు.

పదహారేళ్లప్పుడు అతణ్ణి ఎడ్వర్డ్ కోవీ దగ్గరికి ఏడాది పనికి పంపారు. తల బిరుసు బానిసలను కొట్టి దారికి తెస్తాడని కోవీకి చుట్టుపక్కల పేరు. చాలా నెలలు దెబ్బలు తిన్నాక ఒక రోజు ఈ కుర్రాడు ఎదురుతిరిగాడు. దాదాపు రెండు గంటలు పెనుగులాట. ఆ తర్వాత కోవీ మళ్లీ చెయ్యి ఎత్తలేదు, అధికారులకు అప్పగించనూ లేదు. పదహారేళ్లవాణ్ణి లొంగదీయలేకపోయాడని నలుగురికీ తెలిస్తే అతని పేరూ పోతుంది, దాంతో వచ్చే పనివాళ్లూ పోతారు. డేవిస్ క్లాసులో పాఠం నడిచింది ఈ ఘట్టం చుట్టూనే. 1838 సెప్టెంబరు 3న డగ్లస్ నావికుడి వేషంలో, అరువు తెచ్చుకున్న కాగితాలతో రైలెక్కి తప్పించుకున్నారు. ఆనా మర్రే అనే స్వేచ్ఛా నల్లజాతి అమ్మాయి, ఇళ్లలో పనిచేసి కూడబెట్టిన డబ్బుతో సాయపడింది. తర్వాత ఇద్దరూ పెళ్లి చేసుకున్నారు. ఈ కథ చెప్పేవాళ్లలో చాలామంది ఆనాను ఒక్క వాక్యంతో సరిపెడతారు, నేనూ అదే చేస్తున్నాను.

ఇక జడ్జి థామస్ ఎత్తుకున్న ఉపన్యాసం సంగతి. అది 1865 జనవరిలో బోస్టన్‌లో చేసింది. ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాల మధ్య అంతర్యుద్ధం ఇంకా ముగియలేదు. బానిసలను విడుదల చేస్తే వాళ్లనేం చేయాలి అని ఉత్తరాది పెద్దమనుషులు తలలు పట్టుకుంటున్న రోజులు. దానికి డగ్లస్ జవాబు, ఏమీ చేయకండి అని. థామస్ తీర్పులో ఆ మాటలున్నాయి, "వాణ్ణి వదిలేయండి" అన్న తర్వాత మూడు చుక్కలున్నాయి, ఆ తర్వాత "మీ జోక్యం వాడికి హాని చేస్తోంది" అని ఉంది. మూడు చుక్కల చోట అసలు ఏముందో చూడాలి. నల్లవాడు బడికి వెళ్తుంటే అడ్డుపడకండి, హోటల్లో భోజనాల బల్ల దగ్గరికి వెళ్తుంటే వెళ్లనివ్వండి, ఓటు వేయడానికి వెళ్తుంటే వదిలేయండి, కార్ఖానాలో పనికి వెళ్తుంటే వదిలేయండి. అంటే ఆయన జోక్యం అంటున్నది దారికి అడ్డం పడటాన్ని. పైగా ఆ ఉపన్యాసం మొత్తానికి అసలు డిమాండు, ప్రతి రాష్ట్రంలో నల్లజాతి మగవాళ్లకు వెంటనే, ఏ షరతూ లేకుండా ఓటు హక్కు.

అలాగని థామస్ లేనిది కల్పించారనీ అనలేం. స్వయంకృషి గురించి డగ్లస్ దశాబ్దాల పాటు ఊరూరా ఉపన్యాసాలిచ్చారు. కష్టపడి పైకి రావాలని ఆయన నిజంగానే నమ్మారు. కానీ 1876లో రిపబ్లికన్ పార్టీ మహాసభలో అదే మనిషి తన సొంత పార్టీని నిలదీశారు. మమ్మల్ని విడిచిపెట్టినప్పుడు ఆకాశానికీ తుపానుకూ వదిలేశారు, అన్నిటికంటే ఘోరం, కోపంతో రగిలిపోతున్న పాత యజమానులకు వదిలేశారు అన్నారు. నా కాళ్ల మీద నేను నిలబడతాను అనడం, కాళ్ల కింద నేల ఏది అని అడగడం ఆయనలో రెండూ ఉన్నాయి. మొదటిది ఒక్కటే చదివితే థామస్ చూపించే డగ్లస్ దొరుకుతాడు.

దీనికంటే పెద్ద చిక్కు రాజ్యాంగంతో వచ్చింది. డగ్లస్‌ను వేదికెక్కించిన పెద్ద, బానిసత్వం రద్దు కావాలని పోరాడిన తెల్లవాడు విలియం లాయిడ్ గారిసన్, అమెరికా రాజ్యాంగాన్ని చావుతో ఒడంబడిక, నరకంతో ఒప్పందం అనేవారు. 1854 జూలై 4న జనం ముందు దాని ప్రతిని తగలబెట్టారు కూడా. ఆయన కోపానికి ఆధారాలు లేకపోలేదు. దక్షిణాది రాష్ట్రాలకు సీట్లు లెక్కగట్టేటప్పుడు అయిదుగురు బానిసలను ముగ్గురిగా లెక్కపెట్టమని ఆ రాజ్యాంగమే చెప్పింది. పారిపోయిన బానిసను తిరిగి అప్పగించాలంది. 1808 దాకా బానిసల దిగుమతిని ఆపకూడదంది. కాబట్టి బానిస యజమానులతో ఒకే దేశంలో ఉండటమే పాపం, విడిపోదాం అన్నది గారిసన్ వాదన.

మొదట్లో డగ్లస్ కూడా అదే మాట్లాడారు. 1847లో న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌కు మారి, నార్త్ స్టార్ అనే సొంత పత్రిక పెట్టాక ఆలోచన మారింది. 1851లో బాహాటంగా మాట మార్చారు. రాజ్యాంగంలో బానిస అన్న పదమే లేదు. మొదట్లో రాసింది "మేము, ప్రజలం" అని. మేము, తెల్లవాళ్లం అని కాదు. రాసినవాళ్ల మనసులో ఏ దురుద్దేశం ఉందో మాకు అనవసరం, కాగితం మీద ఏముందో అదే చట్టం అన్నారు. గారిసన్ వర్గం ఆయన్ని ద్రోహి అంది. ఆ స్నేహం తెగిపోయింది.

చరిత్రగా చూస్తే డగ్లస్ వాదన బలహీనమైనదే అని నా అభిప్రాయం. రాసినవాళ్లు పదం వాడకపోయినా పని చేశారు. 1857లో డ్రెడ్ స్కాట్ కేసులో సుప్రీంకోర్టు, నల్లవాళ్లు ఈ దేశ పౌరులే కాలేరని చెప్పి, గారిసన్ అన్నదే నిజమని రుజువు చేసినట్టయింది. అయినా డగ్లస్ వెనక్కి తగ్గలేదు. ఎందుకంటే ఆయన అడుగుతున్న ప్రశ్న వేరే. మనం విడిపోతే మన చేతులు శుభ్రంగానే ఉంటాయి, కానీ అక్కడ మిగిలిపోయిన లక్షలాది బానిసల గతి ఏమిటి? దేశం ఇచ్చిన మాట పత్రాన్ని మీదే అని అవతలివాడికి వదిలేస్తే, రేపు ఏ కాగితం పట్టుకుని అడుగుతాం?

1852 జూలై 5న రోచెస్టర్‌లో చేసిన ప్రసంగాన్ని ఇప్పటికీ ఏటా జూలైలో అమెరికాలో చదువుతారు. మీ స్వాతంత్ర్య దినం బానిసకు ఏమవుతుంది అని నిలదీసే భాగం అందరికీ తెలుసు. ఆ పండుగ మీది, నాది కాదు, మీరు సంబరపడొచ్చు, నేను ఏడవాలి అంటారు. కానీ అదే ప్రసంగం చివర్లో రాజ్యాంగాన్ని మహత్తరమైన స్వేచ్ఛా పత్రం అని పొగుడుతారు. ఆ భాగాన్ని చాలామంది వదిలేస్తారు. ఆ తిట్టూ ఈ పొగడ్తా ఒకే రోజు ఒకే నోట వచ్చాయి. మాట ఇచ్చినవాణ్ణే కదా మాట తప్పావని తిట్టగలం.

తెలుగువాళ్లకు ఇక్కడ ఒక సంగతి గుర్తు రావాలి. 1953 సెప్టెంబరు 2న రాజ్యసభలో ఆంధ్ర రాష్ట్ర బిల్లు మీద చర్చ జరుగుతున్నప్పుడే అంబేడ్కర్, ఈ రాజ్యాంగాన్ని తగలబెట్టేవాళ్లలో నేనే మొదటివాణ్ణవుతాను అన్నారు. రాసినాయనే ఆ మాట అన్నారు. 1955లో దాని గురించి మళ్లీ సభలో ప్రస్తావన వస్తే, దేవుడి కోసం గుడి కడితే ప్రతిష్ఠ జరగకముందే దయ్యం వచ్చి కూర్చుందన్నారు. ఇది డగ్లస్ చూసి నేర్చుకున్నదని చెప్పడం లేదు. గారిసన్‌కూ డగ్లస్‌కూ మధ్య నడిచిన తగువు ఒక్క మనిషిలోనే ఎలా నడుస్తుందో చూడమంటున్నాను. అణగారిన జనం రాజ్యాంగం పట్టుకుని పోరాడే ప్రతిచోటా ఈ తగువు తప్పదు.

డగ్లస్ మాటల్లో అన్నిటికంటే ఎక్కువగా పోస్టర్లకెక్కింది 1857 ఆగస్టు 3న కానన్‌డైగ్వా అనే ఊళ్లో అన్నది: డిమాండ్ లేకుండా అధికారం దేన్నీ వదులుకోదు. ఇదివరకు వదులుకోలేదు, ఇకముందూ వదులుకోదు. నేల దున్నకుండా పంట కావాలనేవాళ్లు, ఉరుములూ మెరుపులూ లేని వాన కావాలనేవాళ్లు ఉంటారని ఎగతాళి చేశారు. ఆ రోజు సభ పెట్టింది బ్రిటిష్ వెస్టిండీస్‌లో బానిసత్వం రద్దయిన సందర్భాన్ని గుర్తుచేసుకోవడానికి. అలాంటి సభల్లో మామూలుగా విల్బర్‌ఫోర్స్ లాంటి ఇంగ్లీషు దొరల దయాగుణాన్ని కీర్తిస్తారు. డగ్లస్ వాళ్లకు దక్కాల్సింది దక్కించి, ఆ ద్వీపాల్లో తిరగబడ్డ బానిసలకు కూడా ఆ గెలుపులో వాటా ఉందన్నారు. భయం లేకుండా పార్లమెంటు ఒక్కటే మంచితనంతో ఇచ్చేది కాదని ఆయన భావం.

పదహారేళ్ల తర్వాత, 1873లో, పుణేలో జోతిరావు ఫూలే గులాంగిరి పుస్తకాన్ని అమెరికాలోని మంచి ప్రజలకు అంకితమిచ్చారు. నీగ్రో బానిసత్వం విషయంలో వాళ్లు చేసిన నిస్వార్థ త్యాగాన్ని మెచ్చుకుంటూ, తన దేశస్థులూ శూద్ర సోదరుల విముక్తికి అదే దారి పట్టాలని కోరుకున్నారు. అందులో డగ్లస్ పేరు లేదు. తమ విముక్తి కోసం తాము పోరాడిన నల్లవాళ్ల ప్రస్తావనా లేదు. ఉన్నది ఉదారంగా ఇచ్చినవాళ్లకు కృతజ్ఞత. సముద్రం దాటి మన దాకా వచ్చిన కథ ఆ రూపంలో వచ్చింది. దాన్ని తప్పుపట్టలేం, ఫూలేకు కావలసింది ఇక్కడి పైకులాల వాళ్లను సిగ్గుపడేలా చేయడం. నేరుగా నల్లజాతి పోరాటకారులతో మాటా మంతీ మొదలవడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. 1946లో నల్లజాతి సంస్థలు ఐక్యరాజ్యసమితికి పెట్టుకున్న అర్జీ ప్రతి ఒకటి కావాలని అంబేడ్కర్ నల్లజాతి మేధావి డబ్ల్యూ.ఇ.బి. డు బోయిస్‌కు ఉత్తరం రాశారు. డు బోయిస్ తరం డగ్లస్ వేసిన బాట మీద నడిచినదే.

పంట కావాలంటే నేల దున్నాలన్నారు సరే, ఆ దున్నడం అంటే ఎంత దాకా అన్న ప్రశ్న డగ్లస్‌కే ఎదురైంది. 1859 ఆగస్టులో, బానిసత్వాన్ని ఆయుధాలతోనే కూల్చాలనుకున్న తెల్లవాడు జాన్ బ్రౌన్ ఆయన్ని పెన్సిల్వేనియాలో ఒక పాత రాతి క్వారీలో రహస్యంగా కలిసి, హార్పర్స్ ఫెర్రీ ఆయుధాగారం మీద దాడిలో చేరమన్నారు. అది బోను, వెళ్తే తిరిగి రావు అని డగ్లస్ చెప్పారు, తాను వెళ్లలేదు. ఆయన వెంట వచ్చిన షీల్డ్స్ గ్రీన్ అనే పారిపోయి వచ్చిన బానిస మాత్రం ముసలాయన బ్రౌన్‌తోనే వెళ్తానన్నాడు. గ్రీన్‌ను ఉరితీశారు. డగ్లస్ కెనడాకు, అక్కడి నుంచి ఇంగ్లండుకు తప్పించుకోవలసి వచ్చింది. హింస ఆయనకు సిద్ధాంతరీత్యా నిషిద్ధం కాదు, అలాగని వీరమరణం మోజూ లేదు. యుద్ధం వచ్చాక నల్లజాతి యువకులను సైన్యంలో చేరమని తిరిగి తిరిగి చెప్పారు, సొంత కొడుకులు ఇద్దరు 54వ మసాచుసెట్స్ దళంలో చేరారు. తీరా చూస్తే తెల్ల సైనికుడికి నెలకు 13 డాలర్లు, నల్ల సైనికుడికి బట్టల ఖర్చు పోను 7. 1863 ఆగస్టులో నేరుగా లింకన్ దగ్గరికే వెళ్లి అడిగారు. కాంగ్రెస్ మరుసటి ఏడాది గానీ జీతాలు సమానం చేయలేదు.

ఒక పోరాటంలో ఉన్నవాళ్లు ఇంకొకరి పోరాటానికి ఎంత చోటిస్తారన్నదీ ఆయన జీవితంలో గట్టిగానే పరీక్షకు వచ్చింది. 1848లో సెనెకా ఫాల్స్‌లో జరిగిన మహిళా హక్కుల సభకు వెళ్లిన ఒకే ఒక్క నల్లజాతీయుడు డగ్లస్. ఆడవాళ్లకు ఓటు కావాలన్న తీర్మానం వీగిపోయేలా ఉంటే, దాన్ని ప్రతిపాదించిన ఎలిజబెత్ కేడీ స్టాంటన్ పక్షాన లేచి మాట్లాడి నిలబెట్టారు. అదే ఇద్దరూ 1869 నాటికి ఎదురెదురుగా నిలబడ్డారు. నల్లజాతి మగవాళ్లకు ఓటిచ్చే 15వ సవరణ ముందుకొచ్చింది, అందులో ఆడవాళ్లు లేరు. మాకివ్వకుండా వాళ్లకా అని స్టాంటన్ వర్గం తిరగబడింది, ఆ కోపంలో జాతి అహంకారం మాటలూ దొర్లాయి. డగ్లస్, ఆడవాళ్లన్న కారణంగా మిమ్మల్ని ఇళ్లలోంచి ఈడ్చి దీపస్తంభాలకు ఉరి తీస్తున్నప్పుడు మీదీ మాలాంటి అత్యవసరమే అవుతుంది అన్నారు. నల్లజాతి స్త్రీల విషయంలో అది నిజం కాదా అని సభలోంచి ఎవరో అరిచారు. నిజమే, నిజమే, నిజమే, కానీ ఆడది కాబట్టి కాదు, నల్లది కాబట్టి అని జవాబు.

ఆ జవాబు ఆ రోజుకు నెగ్గింది గానీ నాకు సరిగ్గా అనిపించదు. ఒకే మనిషిని రెండుగా చీల్చి ఒక సగానికే ఓటు అడిగినట్టుంది. ఆ తర్వాత వచ్చిన నల్లజాతి స్త్రీవాదులు తేల్చుకోవలసి వచ్చింది సరిగ్గా ఆ ప్రశ్ననే. అయినా డగ్లస్ ఆడవాళ్ల ఓటు ఉద్యమాన్ని వదల్లేదు. 1895 ఫిబ్రవరి 20న చనిపోయిన రోజు కూడా వాషింగ్టన్‌లో మహిళా సంఘాల సభకు వెళ్లి వచ్చారు.

ముసలితనంలో పదవులు వచ్చాయి. వాషింగ్టన్ మార్షల్ అయ్యారు, హైతీకి అమెరికా రాయబారి అయ్యారు. పెద్దాయన మెత్తబడ్డాడని కుర్రకారు అన్నారు, కొంత నిజం కూడా. అయితే 1888లో దక్షిణాది వెళ్లి పంటలో వాటాకు పనిచేసే నల్ల రైతుల బతుకు చూసి వచ్చాక మళ్లీ పాత గొంతు వినిపించింది. కూలి డబ్బుగా ఇవ్వరు, భూస్వామి కొట్లోనే చెల్లే చీటీలిస్తారు, అక్కడ ధర వాళ్లు చెప్పిందే, ఏడాది తిరిగేసరికి అప్పే మిగులుతుంది. విముక్తి అంటున్నది పెద్ద మోసం అని ఆ ఏప్రిల్‌లో వాషింగ్టన్‌లో ప్రకటించారు. నల్లవాళ్లను మూకలు చంపుతున్న తీరును బయటపెడుతున్న ఐడా బి. వెల్స్ అనే యువ జర్నలిస్టుకు అండగా నిలిచి, 1893 షికాగో ప్రపంచ ప్రదర్శనలో నల్లవాళ్లకు చోటివ్వకపోవడంపై ఆమెతో కలిసి చిన్న పుస్తకం వేశారు.

ఇంత చెప్పాక డేవిస్ దగ్గరికి మళ్లీ వెళ్లాలి, ఎందుకంటే డగ్లస్ మీద అన్నిటికంటే పదునైన విమర్శ చేసింది కూడా ఆమే. 1865 డిసెంబరులో అమల్లోకి వచ్చిన 13వ సవరణ బానిసత్వాన్ని రద్దు చేసింది, కానీ నేరానికి శిక్షగా తప్ప అని ఒక మెలిక పెట్టింది. దక్షిణాది రాష్ట్రాలు ఆ మెలికను పట్టుకున్నాయి. పని లేకుండా తిరగడం నేరం అన్నాయి, నల్లవాళ్లను జైళ్లలో వేశాయి, ఆ ఖైదీలను గనులకూ రైలు దారుల పనికీ అద్దెకిచ్చాయి. అలబామాలో ఆ పద్ధతి 1928 దాకా సాగింది. దీని మీద డగ్లస్ గట్టిగా నోరు విప్పలేదని డేవిస్ ఎత్తిచూపారు. చట్టం మీద, ఓటు మీద ఆయనకున్న నమ్మకమే ఆ చోట కళ్లకు గంతలు కట్టిందని ఆమె వాదన. కాగితం మీద రాసిందే చట్టం అన్న మనిషి కళ్ల ముందే, కాగితం మీదే ఒక కంత ఉండిపోయింది.

విచిత్రం ఏమిటంటే ప్రమాదాన్ని ముందే పసిగట్టిందీ ఆయనే. 1865 మే నెలలో గారిసన్ ఇక పనైపోయింది, బానిసత్వ వ్యతిరేక సంఘాన్ని మూసేద్దాం అంటే, డగ్లస్ వద్దన్నారు. నల్లవాడి చేతికి ఓటు వచ్చేదాకా బానిసత్వం పోయినట్టు కాదన్నారు. బానిసత్వం ఇప్పటికే ఎన్నో పేర్లు పెట్టుకుంది, ఇంకో పేరూ పెట్టుకుంటుంది, ఈ ముసలి పాము ఏ కొత్త కుబుసంతో వస్తుందో కాచుకుని చూడండి అన్నారు.

ఇప్పుడు అమెరికాలో ఆ మెలికను రాష్ట్రాల రాజ్యాంగాల్లోంచి తీసేయాలని ఒక ఉద్యమం నడుస్తోంది. అడిగేది కోర్టులను కాదు, నేరుగా ఓటర్లను. 2018లో కొలరాడో తీసేసింది. 2020లో నెబ్రాస్కా, యూటా. 2022లో అలబామా, టెనెసీ, ఒరెగాన్, వెర్మాంట్ తీసేశాయి. 2024 నవంబరులో కాలిఫోర్నియా ఓటర్ల ముందుకు, జైళ్లలో నిర్బంధ చాకిరీని నిషేధించే ప్రతిపాదన వచ్చింది. ఓడిపోయింది.